తొమ్మిదో సీసాలో మంచినీళ్ళు

ఆ ఆదివారం పొద్దున గొడవ టీ నీళ్ళ దగ్గర మొదలైంది.

"మళ్ళీ ఆటో నీళ్ళే పోశావా టీకి?" వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నెలోకి తొంగిచూసింది మదార్‌బీ.

"పోశాను అత్తమ్మా."

"తాగేవాటికైతే సరే. మరిగే టీకి కూడా ఆ నీళ్ళేనా? ఆటోవాడు రోజు మార్చి రోజు వస్తాడు. మధ్యలో అయిపోతే బిందె పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కుతావు?"

"బోరు నీళ్ళతో పెడితే పైన తెట్టు కడుతోంది. అడుగు చూడండి ఎలా ఉందో." అనీసా కడిగి బోర్లించిన ఇంకో గిన్నె తిప్పి చూపించింది. అడుగున సున్నం పూసినట్టు తెల్లటి పొర. నిమ్మచెక్కతో రుద్దినా వదలని పొర.

"అది నిన్నగాక మొన్న కట్టిందా? నీ మొగుడు ఆ టీ తాగే మీసాలు తెచ్చుకున్నాడు. వాడికేం రోగం?"

"టీ అంటే టీలా ఉండాలి కదత్తమ్మా."

"మా టీ టీలా లేదని పదమూడేళ్ళ కాపురం తర్వాత తెలిసొచ్చిందా నీకు!"

వసారాలో మంచం మీంచి మామ బుడాన్ కేకేశాడు. "ఒసే మదారూ! ఏ నీళ్ళదైనా సరే, ముందు ఓ గ్లాసు ఇటు పంపించండి. కొట్లాడుకోడానికి పొద్దు చాలా ఉంది."

ఆ ఇంట్లో నీళ్ళకి రెండు పేర్లు. స్టీలు బిందెలో మూతపెట్టి ఉండేవి మంచినీళ్ళు. మార్టూరు ఫిల్టరు ప్లాంటు నుంచి ట్యాంకు ఆటోలో వస్తాయి, వీధిలో బిందెలు పెట్టి పట్టుకోవాలి. పెరట్లో నీలం డ్రమ్ములో ఉండేవి బోరు నీళ్ళు. స్నానాలకి, గిన్నెలకి, అన్నానికి, పప్పుకి, గేదెలకి అవే. గుమ్మంలోకి వచ్చిన మనిషికి మాత్రం నీలం డ్రమ్ములో చెంబు ముంచి ఇవ్వడం మదార్‌బీ ఒంట్లో లేదు. పోస్టుమాన్ అయినా, కూలికొచ్చిన మనిషయినా, బిందె మూత తియ్యాల్సిందే.

అలాగని బోరుని ఎవరన్నా ఒక్క మాటంటే ఊరుకునే మనిషీ కాదు. ఇరవై రెండేళ్ళ కిందట బుడాన్ ఇంటి వెనక మిరపచేలో మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే కక్కాయి. "బుడాను నేలకి చెవులు కుట్టిస్తున్నాడ్రోయ్" అని టీ కొట్టు దగ్గర నవ్వారు. నాలుగోది రెండువందల పది అడుగుల దగ్గర రాయి చీల్చుకుని నీళ్ళు పోసింది. ఈదులగుంటపాలెంలో ఎండాకాలం సగం బోర్లు బురద కక్కినా అది ఆగలేదు. ఉప్పగా ఉంటుందన్న మాట నిజమే. కానీ ఆ మాట ఇంట్లోవాళ్ళు అనాలి, బయటివాళ్ళు అనకూడదు.

గొడవ తేలకముందే సర్పంచ్ సుబ్బరావమ్మ వచ్చింది. ఆవిడ వచ్చిందంటే, ముందు గొంతు వస్తుంది, తర్వాత మనిషి.

"వదినా! ఓ మదార్‌బీ వదినా! ముందు నా నోట్లో తీపి పెట్టు. అప్పుడు చెప్తా."

"తీపి పెడితే షుగరు పెరిగిందని మళ్ళీ నన్నే తిడతావు. చెప్పవమ్మా."

సుబ్బరావమ్మ మంచం మీద కూలబడి చంకలో కాగితాలు తీసింది. డిసెంబరులో జీపులో వచ్చి వెళ్ళిన సర్వే వాళ్ళ కాగితాలవి. ఒంగోలు వైపు నుంచి మొదలుపెట్టి ఊరూరూ తిరిగారు వాళ్ళు. నేలలో యురేనియం ఎక్కడెంత ఉందో లెక్క తేల్చడానికట. వాగుల్లో ఒండ్రు, బావుల్లో బోర్లలో నీళ్ళు సీసాలకెత్తి పట్టుకెళ్ళారు. వాళ్ళు ఉన్న రెండు రోజులూ ఊళ్ళో ఒకటే మాటలు. "మన చేలల్లో అది పడిందంటే రాజధాని పడిన తుళ్లూరు వాళ్ళకంటే మన భూమికే రేటెక్కువ" అని కొందరు, "రేటు సంగతి దేవుడెరుగు, ఊరు ఖాళీ చేయిస్తారు" అని కొందరు. జీపు వెళ్ళిపోయాక మిరపకోతలు ముమ్మరమై అందరూ మర్చిపోయారు.

"భూమిలో తవ్వేంతేమీ లేదంట, ఆ భయం వద్దు," అంది సుబ్బరావమ్మ. "కానీ అడుగున రాయి ఉంది చూశావా, దాంట్లోనే పిసరంత ఉంటుందంట. నీళ్ళు దాన్ని కరిగించి పట్టుకొస్తాయి. లీటరుకి ముప్పై మైక్రోగ్రాములో ఏవో, అవి దాటితే తాగకూడదు. ఏళ్ళతరబడి తాగితే కిడ్నీలకి చేటు. మన ఊళ్ళో తొమ్మిది చోట్ల తీశారా? ఎనిమిది దాటినయ్. స్కూలు బోరు ఎనభై మూడు!"

"అమ్మో, పిల్లలు!" అంది మదార్‌బీ.

"అదే చెప్తున్నా. ఒక్క బోరు, ఒక్కటంటే ఒక్కటి, బంగారంలా ఉంది. ఎంతో తెలుసా? ఒకటి! ఎవరిదో చెప్పుకో అన్నా," అని బుడాన్ వైపు తిరిగింది.

బుడాన్ గ్లాసు కింద పెట్టాడు.

"నీదేనయ్యా! రేపే గొట్టాలు మొదలుపెట్టిస్తా. శనివారానికి స్కూలు ట్యాంకుకి కలిపేస్తాం. నూటనలభై మంది పిల్లలు బుడానన్న నీళ్ళు తాగుతారు. ట్యాంకు మీద పేరు కూడా రాయిస్తా."

"ఉప్పగా ఉంటాయిగా సుబ్బరావమ్మా?" అన్నాడు బుడాన్, గొంతు సవరించుకుని.

"స్కూలు బోరు మాత్రం తియ్యగా ఏడ్చిందా? ఉప్పుదేముంది, విషం లేదుగా."

మదార్‌బీ వంటింటి వైపు తిరిగి, అంత సంతోషంలోనూ మర్చిపోకుండా, "విన్నావా అమ్మాయ్? ఇప్పుడు పెట్టుకో టీ" అంది.

అనీసా నవ్వింది. గెలిచిన అత్తని చూస్తే ముచ్చటేసింది కూడా. బిందెలోంచి సుబ్బరావమ్మకి మంచినీళ్ళు తెచ్చిచ్చి, మంచం మీద కాగితం తీసి చూసింది.

చిలకలూరిపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది అనీసా. పెళ్ళయ్యాక ఆ చదువు రాగి చెంబులకి చింతపండు రుద్దడం దగ్గర ఆగిపోయిందని తనే జోకేసుకుంటుంది. అయినా అంకెల వరస కనబడితే కన్ను దానంతటదే పై నుంచి కిందకి దిగుతుంది. నంబరు, పేరు, ఎక్కడ తీశారు, ఎంత లోతు. ఆ తర్వాత ఇంకో వరస ఉంది: నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతోందో చెప్పే రీడింగు. నీళ్ళలో ఉప్పులు ఎన్ని ఉంటే ఆ అంకె అంత పెరుగుతుంది. సుబ్బరావమ్మ ఆ వరస వైపు చూసి ఉండదు. ఎందుకు చూస్తుంది?

పద్దెనిమిది వందల యాభై. రెండువేల రెండువందల నలభై. రెండువేల ఆరువందల పది. అలా ఎనిమిది. తొమ్మిదో నంబరు: మదార్‌బీ, బోరు, 210 అడుగులు, పంపు నడిపి తీసినది. డెబ్భై నాలుగు.

సున్నా జారిపోయిందేమో అనుకుంది. ఏడువందల నలభై అనుకున్నా కుదరదు. గిన్నె అడుగున సున్నం కట్టే నీళ్ళకి ఏడువందలేమిటి, డెబ్భై నాలుగేమిటి? వానచుక్కకి వచ్చే అంకె అది.

*

మధ్యాహ్నం కల్లం నుంచి తెచ్చిన కాయలకి తొడిమలు తీస్తూ కూర్చున్నారు ఇద్దరూ. ముక్కుకి కొంగు కట్టుకుని అనీసా మామూలుగా అడిగింది.

"డిసెంబరులో ఆ సీసాల వాళ్ళొచ్చినప్పుడు నేను లేను కదత్తమ్మా. మా అమ్మ కంటి ఆపరేషనుకి వెళ్ళాను. వాళ్ళు ఎలా తీశారు నీళ్ళు?"

మదార్‌బీకి ఇవాళ ఆ కథ చెప్పడమంటే పండగే.

"ఒక్కడే వచ్చాడు మన ఇంటికి. చైతన్యకృష్ణంట, మంచి కుర్రాడు. అంతకుముందు వాగులో దిగి ఒండ్రు తీసి, మనం పిండి పట్టినట్టు జల్లెడ పడుతున్నాడంట. ఆదెమ్మ చూసి, 'అయ్యా, రొట్టెలు చేస్తావా?' అందంట." మదార్‌బీ కాసేపు నవ్వి, దగ్గి, మళ్ళీ అందుకుంది. "ఎండలో మొహం వాడిపోయి వచ్చాడు. 'అమ్మా, మీ మంచినీళ్ళు శాంపిల్ కావాలి' అన్నాడు. కరెంటు లేదు అప్పుడు. బిందె దగ్గరికి తీసుకొచ్చా. 'ఇవి పొద్దున పట్టినవేనా?' అన్నాడు. 'ఇందాకే పట్టా నాయనా, తాజావి' అన్నా. ఆ సీసాని మూడుసార్లు నీళ్ళు పోసి కడిగి పారబోశాడే! మంచినీళ్ళు! నా ప్రాణం ఉసూరుమంది. ఏమంటాం, ఇంటికొచ్చినవాడు."

అనీసా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"బోరు ఏదని అడగలేదా?"

"అడిగాడుగా. కిటికీలోంచి చూపించా. రాసుకున్నాడు, ఎన్ని అడుగులో కూడా. వెళ్ళేటప్పుడు నేను కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చా. ఏ నీళ్ళతో అని అడక్కు."

మదార్‌బీ మొహంలో దాపరికం లేదు, అనుమానమూ లేదు. మంచినీళ్ళు అన్నాడు, మంచినీళ్ళు ఇచ్చింది. ఆ కుర్రాడి లెక్కలో మంచినీళ్ళంటే ఆ ఇంటివాళ్ళు తాగే బోరు నీళ్ళు. ఈ ఇంటి లెక్కలో మంచినీళ్ళంటే బోరు నీళ్ళు కానివి. ఒకే మాట, అటూ ఇటూ చెరో అర్థం పట్టుకుని కూర్చుంది. మధ్యలో తొమ్మిదో సీసా నిండింది.

అప్పుడే అత్తతో అనలేదు అనీసా. అనుకున్నది నిజమో కాదో చూసుకోకుండా మాట జారడం ఆమెకి చేతకాదు. రెండు స్టీలు పళ్ళేలు తుడిచి, ఒకదాంట్లో గ్లాసుడు బిందె నీళ్ళు, రెండోదాంట్లో గ్లాసుడు బోరు నీళ్ళు పోసి డాబా మీద ఎండలో పెట్టింది. పైన పలచటి గుడ్డ కప్పింది. సోమవారం సాయంత్రానికి రెండూ ఆరాయి. ఒక పళ్ళెం అద్దంలా ఉంది. రెండోదాన్నిండా తెల్లటి ముగ్గు.

ఇందులో యురేనియం ఉందో లేదో ఈ పళ్ళేలు చెప్పవు, అని తనకి తానే చెప్పుకుంది. ఒక్కటే చెబుతాయి: డెబ్భై నాలుగు వచ్చిన నీళ్ళు ఈ బోరువి కావు.

*

మంగళవారం పొద్దున భర్త ముస్తాక్‌కి టీ పట్టుకుని కల్లం దగ్గరికి వెళ్ళింది. ఎర్రటి కాయల మధ్య నడుస్తూ కాళ్ళతో తిరగేస్తున్నాడు. విషయమంతా చెప్పింది. ఆఖరి దాకా విని, టీ చల్లారిపోయాక తాగాడు.

"బోరు నిజంగా మంచిదే అయుండొచ్చుగా?"

"అయుండొచ్చు."

"మరి?"

"అయుండొచ్చు అంటే అయినట్టా? చుట్టూ ఎనిమిది బోర్లు దాటాయండీ. అదే రాయి, అదే నేల."

ముస్తాక్ కాలితో ఒక కాయని పక్కకి నెట్టాడు. "నాన్న మొహం చూశావా ఆదివారం నుంచి? చేలోకి వెళ్ళొచ్చేవాడల్లా దారి మార్చి బజారు మీదుగా వస్తున్నాడు. నలుగురూ పలకరిస్తారని. ఆ మూడు బోర్లప్పుడు నవ్వినవాళ్ళే ఇప్పుడు లేచి నిలబడుతున్నారు. నువ్వెళ్ళి 'అది మా బోరు కాదు, ఆటో నీళ్ళు' అంటే? మళ్ళీ నవ్వుతారు. ఇంకో ఇరవై ఏళ్ళు నవ్వుతారు."

"నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, అంతేగా. ఆ నీళ్ళు తాగేది నూటనలభై మంది. అందులో మన హీనా కూడా ఉంది."

"హీనాకి ఇంటి నుంచి సీసా పంపిద్దాం."

అన్నాక తనకే బాగాలేనట్టుంది, తల దించుకున్నాడు. అనీసా ఖాళీ గ్లాసు తీసుకుంది.

"సరే," అన్నాడు చివరికి. "ముందు బయటికి చెప్పకు. ఇంట్లో తెలియకుండా ఊళ్ళో తెలిస్తే నాన్న తట్టుకోలేడు. నేనే మెల్లగా చెప్తా. శుక్రవారం దాకా టైమివ్వు."

"శుక్రవారం అన్నం దగ్గరికి. ఆ తర్వాత నేను చెప్తాను."

"ఏంటే, గడువు పెడుతున్నావా?"

"శనివారం గొట్టం కలుపుతున్నారు. గడువు నేను పెట్టింది కాదు."

ఆ మధ్యాహ్నమే చైతన్యకృష్ణకి ఫోన్ చేసింది. ఇంట్లో ఇచ్చి వెళ్ళిన చీటీ మదార్‌బీ క్యాలెండరు వెనక గుచ్చిపెట్టింది, నంబరు దాని మీదే ఉంది.

"చెప్పండి మేడమ్, నేనే తీశాను మీ శాంపిల్. రిజల్ట్ చాలా బాగా వచ్చిందిగా!"

"పంపు నడిపి తీశానని రాశారు. మీరొచ్చినప్పుడు కరెంటు ఉందా?"

అవతల జీపు మోత ఆగింది.

"లేదండి," అన్నాడు. "బిందెలోవి పొద్దున పట్టినవేనని అమ్మగారు చెప్పారు..."

"పట్టినవే. వీధిలో ఆటో దగ్గర పట్టినవి. మార్టూరు ప్లాంటు నీళ్ళు."

"అయ్యో." తర్వాత ఇంకోసారి, నెమ్మదిగా, "అయ్యో."

"రీడింగు డెబ్భై నాలుగు చూసి మీకు అనుమానం రాలేదా?"

"వచ్చిందండి. మీకు పక్కన సాగర్ కాలవ ఉంది కదా, కాలవ ఊట కలుస్తోందేమో అనుకున్నా. అప్పటికి ఆ వారం ఇంకా నాలుగు ఊళ్ళున్నాయి..."

"అనుకున్నారు. చూడలేదు."

"చూడలేదండి. తప్పు నాదే. మా వాళ్ళకి ఇవాళే చెప్తాను, నా ఉద్యోగం ఏమైనా సరే. కానీ మేడమ్, నేను చెబితే పై నుంచి కాగితం మారి కిందకి దిగడానికి నెల పడుతుంది. గొట్టం ఆపాలంటే అక్కడే ఆపాలి. మీ ఇంట్లోంచి ఎవరన్నా సర్పంచ్ గారికి చెప్పి ఆపించండి. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు సీసాలతో వచ్చి మళ్ళీ తీస్తాను."

కుర్రాడు అబద్ధం ఆడనందుకు అతని మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకుంది, అవసరం పడుతుందని.

*

గొట్టాల కాలవ బుధవారానికి మసీదు మలుపు దాటింది, గురువారానికి స్కూలు గోడ చేరింది. ఆ సాయంత్రం హీనా బ్యాగు విసిరేసి, "అమ్మీ, ఇవాళ ప్రేయర్‌లో మేడమ్ నన్ను ముందు నిలబెట్టి అందరితో చప్పట్లు కొట్టించింది. మన బోరు కోసం!" అంది. మదార్‌బీ మనవరాలిని దగ్గరికి లాక్కుని మెటికలు విరిచింది. వసారాలో ముస్తాక్ చెప్పులు వేసుకుని, పని లేకపోయినా, చేలోకి వెళ్ళిపోయాడు.

అతను చెప్పలేదు. చెప్పలేడని అనీసాకి బుధవారమే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం తండ్రీకొడుకులు నమాజు నుంచి వచ్చేసరికి చాప పరిచి ఉంది. కోడికూర, పప్పుచారు, గోంగూర. మదార్‌బీ రేపటికి కట్టుకోవలసిన చీర మంచం మీద తీసి పెట్టుకుంది. స్కూలు దగ్గర కొత్త నీళ్ళ టాపు ఆమె చేత్తోనే తిప్పించాలని సుబ్బరావమ్మ కబురు పంపింది. హీనా స్కూల్లోనే భోజనం చేస్తుంది. నలుగురూ కూర్చున్నారు. బుడాన్ మొదటి ముద్ద కలుపుతూ, ట్యాంకు మీద పేరు 'బుడాన్' అని రాయించాలా, 'షేక్ బుడాన్' అని రాయించాలా అని అడిగాడు.

అనీసా భర్త వైపు చూసింది. అతను చారులో అన్నం పిసుకుతున్నాడు, పిసుకుతూనే ఉన్నాడు.

"పేరు ఇప్పుడే రాయించొద్దు మామయ్యా," అంది అనీసా. "మన బోరు నీళ్ళని ఎవరూ పరీక్ష చెయ్యలేదు."

తర్వాత వరసగా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. డెబ్భై నాలుగు, పళ్ళేలు, చైతన్యకృష్ణ ఫోను. లేచి వెళ్ళి ఆ రెండు పళ్ళేలూ తెచ్చి చాప పక్కన పెట్టింది.

బుడాన్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "అంటే, నా బోరు చెడ్డదంటావు."

"అనను. మంచిదనీ అనను. నాకు తెలీదు మామయ్యా. తెలీదనే చెప్తాను. రేపు పొద్దున సుబ్బరావమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళి, గొట్టం కలపొద్దని చెప్తున్నాను."

"అనీసా!" అన్నాడు ముస్తాక్.

"మీకు శుక్రవారం దాకా టైమిచ్చాను కదండీ."

"నీకు ముందే తెలుసా?" బుడాన్ కొడుకు వైపు తిరిగాడు. ముస్తాక్ తల ఊపాడు. "మగాడివై ఉండి నోరు విప్పలేదు. కోడలు విప్పింది. బాగుందిరా." ఆ మాటలో కోపం ఎవరి మీదో అతనికే తెలిసినట్టు లేదు. కాసేపు పళ్ళేల వంక చూశాడు. ముగ్గులా ఉన్నదాన్ని గోటితో గీరి చూశాడు. "మళ్ళీ తీస్తే ముప్పై దాటిందనుకో?"

"దాటితే దాటిందని తెలుస్తుంది. స్కూలుకి ఇంకో దారి వెతుకుతారు. మనకి కూడా తెలియాలి కదా మామయ్యా. ఇరవై రెండేళ్ళుగా ఆ నీళ్ళతోనే కదా అన్నం వండుతున్నాం."

ఆ మాటకి నలుగురి చూపూ పళ్ళెంలో అన్నం మీదకి పోయింది.

మదార్‌బీ ఇంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ఊరుకుందంటే ఆ ఇంట్లో అందరికీ భయమే. ఏడుస్తుందేమో అనుకుంది అనీసా. తన వల్ల ఇంతైందని కుమిలిపోతుందేమో. ఆదివారం నుంచీ అనీసా లోపల ఉన్న దిగులు అదే. అందుకే మెల్లగా అంది: "మీ పేరు చెప్పనత్తమ్మా. ఇంట్లోవాళ్ళం పొరబాటున ఇచ్చామని చెప్తాను. ఎవరిచ్చారో సర్పంచికెందుకు?"

"ఎందుకు చెప్పవు?" అంది మదార్‌బీ.

"అది కాదు..."

"ఏది కాదు? పొరబాటెవరిదే? వాడు మంచినీళ్ళన్నాడు, నేను మంచినీళ్ళిచ్చా. మంచినీళ్ళడిగిన మనిషికి డ్రమ్ము నీళ్ళు పోసిన కొంప కాదిది. బోరు నీళ్ళు కావాలంటే 'బోరు నీళ్ళు' అని అడగాలి. అంత చదువుకున్నాడు, తెలుగు రాదా?"

ముస్తాక్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. బుడాన్ ఆపుకోలేదు, కానీ ఆ నవ్వు దగ్గులోకి దిగిపోయింది.

"నవ్వకు," అంది మదార్‌బీ భర్తతో. "పేరు 'షేక్' పెట్టాలా వద్దా అని ఐదు రోజులు నా చెవి కొరికావు. రేపు ఊరంతా నిన్ను చూసి నవ్వుతుంది. నవ్వనీ. మూడు బోర్లప్పుడు నవ్వితే నాలుగోది వెయ్యకుండా కూర్చున్నావా?"

బుడాన్ పళ్ళెంలో ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

మదార్‌బీ కోడలి వైపు తిరిగింది. "నువ్వు పొద్దున్నే దొంగచాటుగా సుబ్బరావమ్మ ఇంటికి పోయి గుసగుసలాడేదేం లేదు. అట్లా చేస్తే దాచిపెట్టామంటారు. టాపు దగ్గరికి పదింటికి ఊరంతా వస్తుంది, నన్ను పిలిచారుగా, నేనూ వస్తా. తిప్పమంటారు, తిప్పను. ఆ నీళ్ళు నేనిచ్చినవి, ఇవి కావు అని నేనే చెప్తా. అంకెల సంగతి నువ్వు చెప్పు, అది నాకు రాదు. ఆ పళ్ళేలు కూడా పట్టుకురా, కాగితం అర్థంకానివాళ్ళకి అవి చూపిద్దాం. ఇవాళే ఆ కుర్రాడికి ఫోన్ చెయ్యి. రేపు పదికి నా పక్కన నిలబడాలి, రెండు సీసాలు ఖాళీవి తేవాలి. ఒకటి బోరుకి, ఒకటి ఈ ఆటో నీళ్ళకి. అవి మాత్రం ఏ నేల నీళ్ళో మనం చూశామా? పంపుకి కరెంటు మూడింటికొస్తుందో, నాలుగింటికొస్తుందో, వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాడు. అన్నం నేను పెడతా."